పనిముట్ల పెట్టెకు చక్రాలు వచ్చిన వైనం

ఉద్యోగ విరమణ చేసినవారిలో కొందరు తోటపని చేపడతారు, కొందరు హోమియో పుస్తకాలు ముందేసుకుంటారు, కొందరు తీర్థయాత్రలకు బయలుదేరతారు. వీరుగాక మరో రకం వారున్నారు. పెరటి వసారాలోనో, ఖాళీపడిన స్కూటరు షెడ్డులోనో ఒక బల్ల వేసి, దానికొక వైస్ బిగించి, ఊగే కుర్చీకాళ్లు, తిరగని ఫ్యాన్లు, కారే కుళాయిలు బాగుచేసుకుంటూ పొద్దుపుచ్చుతారు. మన సంఘంలో ఇటువంటి సభ్యులు తక్కువేమీ కాదు. వారిలో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఏమండీ, సొరుగులూ చక్రాలూ ఉన్న ఇనుప టూల్ చెస్టులు వస్తున్నాయి కదా, మా అబ్బాయి కొనిపెడతానంటున్నాడు, తీసుకోమంటారా?" అని.

నన్నే ఎందుకు అడిగారంటే, నేను నీటిపారుదల శాఖ డివిజను కార్యాలయంలో చాలా ఏళ్లు 'టూల్స్ అండ్ ప్లాంట్' రిజిస్టరు రాసినవాడిని. గునపం మొదలుకొని రోడ్డు రోలరు దాకా ప్రతి వస్తువూ నా కలం కింద నుంచి పోవలసిందే. వాటిని పట్టుకుని పనిచేసింది తక్కువ, లెక్క రాసింది ఎక్కువ. కనుక ఫలానా కంపెనీది కొనండని చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఈ పెట్టె ఎక్కడ పుట్టింది, దానికి చక్రాలెందుకు వచ్చాయి అన్నది కొంత చదివి తెలుసుకున్నాను. అది తెలిస్తే మన ఇంటికి ఆ చక్రాలు అవసరమా కాదా అన్నది ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ఇటువంటి పెట్టె ఖరీదు చాలామంది విషయంలో నెల పింఛను మీద సవారీ చేసేదే కాబట్టి కాస్త తీరికగా ఆలోచించడంలో తప్పులేదు.

ముందుగా మన సంగతి. మన వడ్రంగికి పెట్టె లేదు. బాడిస, ఉలులు, రంపం, చిత్రిక, సుత్తి, మూలమట్టం ఒక గోనెసంచిలో వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని ఇంటికి వచ్చేవాడు. నేల మీద కూర్చుని, చెక్కను కాలివేళ్ల మధ్య బిగించి పట్టుకుని పనిచేసేవాడు. సంచి విప్పితే సామానంతా చేతికందే దూరంలో నేల మీదనే పరుచుకునేది. కూర్చుని పనిచేసేవానికి సొరుగులెందుకు? తెలుగులో 'పొది' అని చక్కని మాట ఒకటుంది. అమ్ములపొది మనకు పురాణాల వల్ల తెలుసు, క్షురకుని పొది చిన్నప్పటి నుంచి చూసినదే. పని ఎక్కడుంటే పొది అక్కడికి పోతుంది. మహర్నవమినాడు ఆ పనిముట్లనే కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ పూట వాటికి విశ్రాంతి ఇచ్చేవారు. మనకున్న ఎర్న్‌డ్ లీవు వంటిది వాటికి అదొక్కటే.

ఇతర దేశాలలో పెట్టె చాలా పాతది. స్వీడన్ దేశానికి చెందిన గోట్లాండ్ ద్వీపంలో మాస్టర్‌మీర్ అనే బురదనేల ఉన్నది. దానిలో నీరు తీసివేసి సాగులోకి తెచ్చిన తరువాత, 1936లో ఒక రైతు దున్నుతుండగా నాగలికి ఓక్ చెక్క పెట్టె ఒకటి తగిలింది. దాదాపు 90 సెంటీమీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పు. చుట్టూ ఇనుపగొలుసు. అందులోనూ దాని చుట్టుపక్కలా దొరికిన వస్తువులు 200 పైచిలుకు. సుత్తులు, పటకారులు, చిన్న దాగలి, ఆకురాళ్లు, గొడ్డళ్లు, రంపాలు, బరమాలు, వాటితోపాటు తాళాలు, తాళంచెవులు, తూకపు కోల, గంటలు కూడా. వేయి సంవత్సరాల నాటి వైకింగుల కాలపు సామగ్రి అది. కమ్మరం, వడ్రంగం రెండూ చేసేవానిదై ఉంటుందని ఆ వస్తువులే చెబుతున్నాయి. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉన్నది. ఒక మనిషి జీవనాధారం మొత్తం మూడడుగుల చెక్కపెట్టెలో ఇమిడి, మరల అతని చేతికి అందకుండా పోయింది. ఆనాడు అతని సంసారం ఏమై ఉంటుందా అన్న ఆలోచన నన్ను వదలలేదు.

పనిముట్లకు పెద్ద శత్రువు దొంగ కాదు, తడి. దీనికి సాక్ష్యం ఇంగ్లండులో ఉన్నది. ఎనిమిదవ హెన్రీ రాజుగారి యుద్ధనౌక మేరీ రోజ్ 1545 జూలై 19న మునిగిపోయింది. 1982లో దానిని సముద్రం నుంచి పైకి తీశారు. ఓడ వడ్రంగుల గదిలో పెట్టెలు, పనిముట్లు దొరికాయి. విచిత్రమేమంటే చిత్రికల చెక్కదిమ్మెలు, ఉలుల పిడులు, సుత్తుల కర్రలు చెక్కు చెదరలేదు. ఇనుము భాగం మాత్రం ఉప్పునీటిలో కరిగిపోయింది. మనం గట్టిదనుకున్నది పోయి, మెత్తనిదనుకున్నది మిగిలింది. సముద్రతీరపు జిల్లాలలో కాపురమున్న సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు, తుప్పు గురించి నేను వేరే ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

నాకు మిక్కిలి ఇష్టమైన పెట్టె ఇంకొకటి ఉన్నది. ఇంగ్లండులో కెంట్ జిల్లా చాటమ్ పట్టణంలో జోసెఫ్ సీటన్ అనే కొయ్యసామాను పనివాడు ఉండేవాడు. ఆయన 1796 డిసెంబరులో తన కుమారుడు బెంజమిన్ కోసం లండనులో క్రిస్టఫర్ గాబ్రియేల్ అనే వ్యాపారి వద్ద పూర్తి పనిముట్ల సెట్టు కొన్నాడు. కుమారుడు 1797లో వాటిని పెట్టుకునేందుకు తానే ఒక పెట్టె చేసుకున్నాడు. ఆ కాలపు వడ్రంగుల పెట్టెలు పైకి చూస్తే వట్టి రంగు పూసిన సాదా పెట్టెలే. మూత తీస్తేనే లోపలి అరలకు మేలురకం చెక్కలు తాపడం చేసిన నగిషీ కనబడుతుంది. చూపించుకోవలసింది వీధికి కాదు, పని ఇచ్చే యజమానికి. బెంజమిన్ పెట్టె కూడా అటువంటిదే.

అయితే నన్ను ఆకట్టుకున్నది నగిషీ కాదు. ఆ పెట్టెతోపాటు ఒక జాబితా కూడా భద్రంగా ఉన్నది. ఏ పనిముట్టు, ఎన్ని, ఖరీదు ఎంత అన్నది వరుసగా రాసిపెట్టారు. 200 ఏళ్లు దాటిన తరువాత కూడా జాబితా పట్టుకుని పెట్టె తెరిస్తే సరకు దాదాపు సరిపోతుంది. రిజిస్టరు రాసినవానికి తెలుసు ఆ 'సరిపోయింది' అన్న మాటలోని హాయి. మా డివిజనులో ఏటా స్టాకు తనిఖీనాడు రెండు పారలు తక్కువ, ఒక గునపం ఎక్కువ రాకుండా పోయిన సంవత్సరం లేదు. సీటన్ పెట్టెలో లెక్క సరిపోవడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. ఆ పనిముట్లను పెద్దగా వాడలేదు. ఉలుల పదును, రంపాల పళ్లు దాదాపు కొన్ననాటివి కొన్నట్టే ఉన్నాయట. ఇప్పుడు రోచెస్టర్ గిల్డ్‌హాల్ మ్యూజియంలో ఉన్నది. 18వ శతాబ్దపు పనిముట్లపై పరిశోధించేవారికి అది పెన్నిధి. కొనిపెట్టిన తండ్రి మాత్రం ఆ ఉద్దేశంతో కొని ఉండడు.

పనివానికి పెట్టె అంటే ఏమిటో తెలియాలంటే 19వ శతాబ్దపు ఇంగ్లండు కార్మిక సంఘాలను చూడాలి. అక్కడ వడ్రంగి తన పనిముట్లు తానే కొనుక్కోవాలి. పనిముట్లు లేనివానికి కూలి లేదు. కార్ఖానాలో రాత్రివేళ నిప్పంటుకుంటే యజమానికి భవనం పోయేది, పనివానికి బ్రతుకుతెరువే పోయేది. 1860లో ఏర్పడిన వడ్రంగుల సమైక్య సంఘం సభ్యుల చందాల నుంచి జబ్బుకూ, వృద్ధాప్యానికీ ఇచ్చే సహాయంతోపాటు, పనిముట్లు పోగొట్టుకున్నవారికి పరిహారం కూడా ఇచ్చేది. చందాలు కట్టి, సభలు జరిపి, మెమొరాండాలు ఇచ్చి మనమూ కొన్ని హక్కులు సంపాదించుకున్నవాళ్లమే గనుక ఈ ఏర్పాటు విలువ మన సభ్యులకు వేరుగా వివరించనక్కరలేదు.

పెట్టె చేయడంలో మనిషి ఎంత దూరం వెళ్లగలడో చూడాలంటే అమెరికాలో హెన్రీ స్టడ్లీ పెట్టెను చూడాలి. ఆయన 1838లో పుట్టి 1925లో గతించాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆర్గన్లు, పియానోలు తయారుచేసే సంస్థలలో పనిచేశాడు. గోడకు తగిలించే మహాగని పెట్టె ఒకటి చేశాడు. మూసినప్పుడు సుమారు 40 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు. అందులో సుమారు 300 పనిముట్లు! ఒక వరుసను తలుపులా తిప్పితే వెనుక మరొక వరుస. నల్లచేవ చెక్క, ముత్యపుచిప్ప తాపడాలు. అంతటి పనితనం చూసి చేతులెత్తి నమస్కరించాను గాని, అందులోంచి ఒక స్క్రూడ్రైవరు కావాలంటే ఎన్ని తలుపులు తిప్పాలో తలుచుకుంటే మన వడ్రంగి గోనెసంచే మేలనిపించింది.

20వ శతాబ్దంలో యంత్రాలు వచ్చి, మైక్రోమీటరు వంటి సున్నితమైన కొలత సాధనాలు పనివాని చేతికి వచ్చాయి. వాటిని సుత్తులతో కలిపి పడేయడానికి వీలులేదు. 1906లో ఓహియో రాష్ట్రం డేటన్‌లో హ్యారీ గెర్స్ట్‌నర్ అనే యువకుడు లోపల ఫెల్టు గుడ్డ పరిచిన పలుచని సొరుగుల చెక్కపెట్టెలు చేయడం మొదలుపెట్టాడు. అదే రాష్ట్రంలో వాన్ వెర్ట్ పట్టణంలో 1911లో కెనడీ సంస్థ మొదలై, ఇటువంటి సొరుగుల పెట్టెలనే రేకుతో చేసి పేరు తెచ్చుకుంది. పైనుంచి మూత తీసి అడుగుదాకా వెదుక్కునే పెట్టె పోయి, ముందునుంచి సొరుగు లాగే పెట్టె వచ్చింది. అయితే ఇవన్నీ బల్ల మీద పెట్టుకునేవే. వీటికి చక్రాలు లేవు.

చక్రాలు మోటారుకారు వల్ల వచ్చాయి. హెన్రీ ఫోర్డు మోడల్-టి కారు 1908లో బయటికి వచ్చింది. 1927లో ఆపేసే నాటికి కోటీ యాభై లక్షలు అమ్ముడయ్యాయి. ఊరూరా మెకానిక్ షెడ్లు వెలిశాయి. ఒక్కొక్క నట్టుకు ఒక్కొక్క కొలత, ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క స్పానరు. 1920లో మిల్వాకీ నగరంలో జోసెఫ్ జాన్సన్, విలియం సైడెమన్ అనే ఇద్దరు దీనికొక ఉపాయం పట్టారు. ఐదు పిడులు, పది సాకెట్లు చేసి, దేనికైనా దేన్నైనా తగిలించుకునే వీలు కల్పించారు. ఐదు పిడులతో యాభై స్పానర్ల పని. దానినుంచే స్నాప్-ఆన్ సంస్థ పుట్టింది. పనిముట్లు తగ్గించడానికి వచ్చిన ఉపాయం చివరికి పెంచింది. సాకెట్లు విడిగా దొరుకుతుంటే కొనడానికి అంతేమున్నది?

ఇక్కడ మనకు వింతగా తోచే విషయం చెప్పాలి. అమెరికాలో గ్యారేజీ యజమాని లిఫ్టులు, పెద్ద యంత్రాలు సమకూరుస్తాడు గాని, చేతి పనిముట్లు సాధారణంగా మెకానిక్ సొంతంగా తెచ్చుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత స్నాప్-ఆన్ వంటి సంస్థల డీలర్లు వ్యానులలో సరుకు వేసుకుని గ్యారేజీల గుమ్మాలకే వచ్చేవారు. వారం వారం వాయిదాల మీద అమ్మేవారు. కుర్రవాడు పనిలో చేరిన నాటినుంచే అప్పు మొదలు. పదేళ్లు తిరిగేసరికి పనిముట్లు, వాటిని పెట్టుకునే బీరువా కలిపి వందల కిలోలు. పని చేయవలసిన కారు ఇవాళ ఈ లిఫ్టు మీద, రేపు ఆ లిఫ్టు మీద. ఉద్యోగం మారితే మొత్తం సామాను వెంట తీసుకుపోవాలి. నేల చూస్తే నున్నని సిమెంటు. ఈ పరిస్థితులన్నీ ఒకచోట కలిసినప్పుడు పెట్టె కింద చక్రాలు రాక తప్పలేదు. కింద చక్రాల క్యాబినెట్టు, దాని మీద మూత ఉన్న చెస్టు, పక్కన చిన్న బండి. ఆ మెకానిక్‌కు ఇది విలాసం కాదు, ఉద్యోగపు అవసరం.

మన వర్క్‌షాపులలో పద్ధతి వేరు. రైల్వేలో గాని, మన శాఖలలో గాని పనిముట్టు సర్కారుది. పనివాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల కిటికీలో ఇచ్చి సామాను తీసుకుంటాడు, సాయంత్రం సామాను అప్పగించి బిళ్ల వెనక్కి తీసుకుంటాడు. బిళ్ల మేకుకు వేలాడుతున్నదంటే సామాను బయట ఉన్నట్టు లెక్క. అక్కడ చక్రాల పెట్టె చేసే పనిని ఇక్కడ నావంటి గుమాస్తాల రిజిస్టర్లు చేశాయి. చేతివృత్తులవారి మాట వేరు, వారిది ఎప్పుడూ సొంత సామానే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం పెట్టారు. ఆ జాబితాలో వడ్రంగి మొదటివరుసలోనే ఉన్నాడు.

చక్రాల చరిత్ర కూడా రెండు ముక్కల్లో చెప్పి అసలు ప్రశ్నకు వస్తాను. గుండ్ల మీద ఇరుసు తిరిగే ఏర్పాటుకు 1794లో వేల్స్ దేశంలో ఫిలిప్ వాన్ అనే ఇనుప కార్ఖానా యజమాని పేటెంటు పొందాడు, అది గుర్రపుబండికోసం. కుర్చీలకు, మంచాలకు చిన్న చక్రాలు అప్పటికే ఉండేవి. 1876లో వాషింగ్టన్ నగరవాసి డేవిడ్ ఫిషర్ ఇటువంటి క్యాస్టరుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ రెండూ కలిసినవే నేటి పెట్టెలో ఉన్నాయి. గుండ్లు సొరుగు పట్టాలలో, క్యాస్టర్లు అడుగున.

ఇక కొనుగోలు. అంగడిలో ముందు మూత వైపు కాకుండా అడుగు వైపు చూడండి. నాలుగు చక్రాలలో రెండు తిరిగేవి, రెండు తిరగనివి ఉంటే తోసినప్పుడు తిన్నగా పోతుంది. తిరిగే రెండింటికి బ్రేకు ఉండాలి. చక్రం ఐదంగుళాలకు తగ్గితే మన ఇళ్లలో కష్టం. ఇంతకూ మన ఇళ్లలో గడప అనేది ఒకటుంది. అమెరికా గ్యారేజీకి గడప లేదు. వందకిలోల పెట్టెను గడప దాటించాలంటే ఇద్దరు మనుషులు కావాలి, మనలో ఎవరి నడుమూ ఆ ఇద్దరిలో ఒకటి కాగల స్థితిలో లేదు. పెట్టె ఎప్పుడూ ఒకే గదిలో, నున్నని గచ్చు మీద అటూ ఇటూ జరగవలసి ఉంటే చక్రాలు తీసుకోండి. వసారాలో ఒక మూల స్థిరంగా నిలిచేదైతే, ఆ చక్రాల డబ్బు మందమైన రేకు మీద పెట్టడం మేలు.

రేకు మందం గేజిలో చెబుతారు. నంబరు పెరిగితే మందం తగ్గుతుంది, దీంతో చాలామంది మోసపోతారు. ఈ తలకిందుల లెక్క తీగలాగే వృత్తినుంచి వచ్చింది. తీగను బెజ్జంలోంచి ఎన్నిసార్లు లాగితే అంత సన్నబడుతుంది. ఇంగ్లండులో ఈ గేజిని 1884లో చట్టబద్ధం చేశారు. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి సుమారు 0.9. ఇంటి పనికి 20 చాలు, అంతకన్నా పలుచనైతే సొరుగు నిండగానే అడుగు కుంగుతుంది. సొరుగును పూర్తిగా బయటికి లాగి, చేత్తో ఒకసారి కిందికి నొక్కి చూడండి. చివరిదాకా రాని సొరుగులో వెనక ఉన్న వస్తువు ఉన్నా లేనట్టే.

అన్నిటికంటే ముఖ్యం, బరువైనవి కింది సొరుగులలో పెట్టాలి. పై సొరుగులు రెండు మూడు ఒకేసారి బయటికి లాగితే పెట్టె ముందుకు ఒరిగి మీద పడుతుంది. ఒక సొరుగు తెరిచి ఉండగా రెండవది తెరుచుకోకుండా అడ్డుకునే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. మనుమలు తిరిగే ఇంట్లో అది లేని పెట్టె కొనవద్దు, తాళం కూడా తప్పక వేయండి. పిల్లలకు సొరుగులు మెట్లలాగా కనబడతాయి. వానకాలంలో నెలకొకసారి పనిముట్లకు మెషిన్ ఆయిల్ చేత్తో పలుచగా రాస్తే మేరీ రోజ్ గతి పట్టదు.

చివరగా నా శాఖకు సంబంధించిన మాట ఒకటి. పెట్టె మూత లోపలి వైపు ఒక జాబితా అంటించండి. ఏ సొరుగులో ఏమున్నది, ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు కొన్నది, ఎంతకు కొన్నది. పక్కనే, ఎవరిదైనా అరువు తెచ్చుకున్నది ఉంటే వారి పేరు. మన తదనంతరం పిల్లలు ఊరినుంచి వచ్చి నాలుగు రోజుల సెలవులో ఇల్లు సర్దవలసి వస్తుంది. జాబితా లేని పెట్టె పాత ఇనుము కొట్టుకు కిలోల లెక్కన పోతుంది, అందులో మంచి బరమా సెట్టు ఉన్నదని వారికి చెప్పేవారు ఎవరూ ఉండరు. జాబితా తెలుగులోనే రాయండి, అక్షరాలు కాస్త పెద్దవిగా. మీ ఇంటి ఆడవారికి కూడా ఒకసారి చదివి వినిపించి, తాళంచెవి ఎక్కడ పెడుతున్నారో చెప్పి ఉంచండి.